పొన్న మొక్కకు తవ్విన గొయ్యి

ఇంటి ముందు గొయ్యి తవ్వి పదిహేను రోజులైంది. అందులో ఇంకా ఏ మొక్కా పడలేదు.

ఆ చోట ఒకప్పుడు కొబ్బరిచెట్టు ఉండేది. లోకనాథం తాత నాటిన చెట్టు. తిత్లీ తుఫాను నాటి తెల్లవారుజామున అది ఇంటి మీద పడకుండా వీధివైపు ఒరిగి కూలింది. మానును ముక్కలు కోసి పట్టుకుపోయారు గాని మొద్దు నేలలోనే ఉండిపోయింది. ఏళ్ల తరబడి దానికి చెదలు పట్టాయి, పుట్టగొడుగులు మొలిచాయి, మధ్యాహ్నాలు దాని మీద కోళ్లు కునుకు తీశాయి. ఈ ఆషాఢంలో మొదటి వానలకు నేల మెత్తబడ్డాక లోకనాథం గునపం తీసుకుని రెండు రోజులు దానితో కుస్తీపట్టి వేళ్లతో సహా పెకలించాడు. గొయ్యిని మోకాలి లోతుకు సరిచేసి, పక్కన ఎరువు కుప్పపోసి, చేతులు కడుక్కుంటూ భార్యతో అన్నాడు: "ఇంక నీ ఇష్టమే. ఎప్పుడు ఏత్తావో ఏసుకో."

గౌరీశ్వరి రెండేళ్లుగా పాత పెయింటు డబ్బాలో పెంచుతున్న పొన్న మొక్క కోసమే ఆ గొయ్యి.

గౌరీశ్వరి పుట్టింది మూలపేట దగ్గర, సముద్రపు హోరు ఇంట్లోకి వినిపించే ఊళ్లో. వాళ్లింటి వెనక ఇసుకదిబ్బ మీద ఒక పొన్నచెట్టు ఉండేది. ఎవరూ నాటింది కాదు, ఎవరూ నీళ్లు పోసిందీ కాదు. దళసరి ఆకులు ఎండకు నూనె రాసినట్టు మెరిసేవి. పూత కాలంలో తెల్లటి పూలు, మధ్యలో పసుపు కేసరాలు. తెల్లవారేసరికి చెట్టు కింద ఇసుకంతా తెల్లగా పరుచుకుని ఉండేది. వాళ్లమ్మ ఆ కాయల గింజల నుంచి నూనె తీయించి దీపాల్లో పోసేది. ఆ పొగ వాసన గౌరీశ్వరికి ఇప్పటికీ గుర్తు. పోర్టు వైపు రోడ్డు పడ్డాక ఆ దిబ్బ లేదు, చెట్టూ లేదు. ఆఖరిసారి వెళ్లినప్పుడు చెట్టు కింద ఏరుకున్న కాయలు మూడు కొంగున కట్టుకొచ్చి నాటింది. రెండు కుళ్లిపోయాయి. మూడోది రెండు నెలలకు, ఆశ వదులుకున్నాక, నేల చీల్చుకుని పైకి వచ్చింది.

పంతొమ్మిదేళ్లకు పెళ్లయి ఉద్దానం వచ్చింది. వజ్రపుకొత్తూరు దాటాక, రోడ్డుకు రెండు వైపులా కొబ్బరితోటలు కమ్ముకుని మధ్యాహ్నం కూడా నీడగా ఉండే ఊరు వాళ్లది. ఎకరంన్నర తోట. కొబ్బరి, కొంచెం జీడి. లోకనాథం తన కాయలు దింపుకొని, మిగతా రోజుల్లో ఊళ్లో కాయలు ఒలిచే పనికి వెళ్తాడు. పెళ్లయిన కొత్తలో కాశీబుగ్గ వెళ్లినప్పుడల్లా మూర కనకాంబరాలు తెచ్చేవాడు. అరటాకులో చుట్టి, చొక్కా లోపల పెట్టుకొని, సైకిలు మీద. "చొక్కాకు రంగంటింది సూడు" అని ఆమె దెప్పేది. "అంటనీ" అనేవాడు. తనూజ పుట్టాక గౌరీశ్వరి పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్లడం మొదలుపెట్టింది. పొద్దున్న ఏడింటికి ఆటో, సాయంత్రం ఆరింటికి ఆటో. చిన్న పీట మీద కూర్చుని చాకుతో పప్పు మీది పొట్టు తీయాలి. జుట్టు కనిపించకుండా టోపీ పెట్టుకోవాలి. పూలు పెట్టుకుని రాకూడదు. అలా కనకాంబరాలు పోయాయి, మోకాళ్ల నొప్పులు వచ్చాయి. ఊళ్లో అందరిలాగే ఆమె కూడా పూటకొక నొప్పి బిళ్ల వేసుకుని పనికి పోయేది. ఆ బిళ్లల పట్టీ పోపుల డబ్బాలో, జీలకర్ర గిన్నె పక్కన ఉండేది.

ఇప్పుడామెకు నలభై మూడు. పొన్న మొక్క జానెడు దాటి మూరెడైంది. పొన్న పూతకు రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుందని ఆమెకు తెలుసు. అప్పటికి ఫ్యాక్టరీ మానేయాలని, చెట్టు కింద మంచం వేసుకోవాలని ఆమె లెక్క.

ఆ లెక్క తప్పింది ఒక ఆదివారం.

అంతకు వారం ముందు బడిలో రక్తపరీక్షల శిబిరం పెట్టారు. ఆశా కార్యకర్త బేబి ఇల్లిల్లూ తిరిగి అందర్నీ పోగుచేసింది. ఆ ఊళ్లో కిడ్నీల పరీక్ష అంటే ఎవరికీ కొత్త కాదు. మంగళవారం, శుక్రవారం తెల్ల వ్యాను వచ్చి వేపచెట్టు మలుపు దగ్గర ఆగుతుంది. డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు చిన్న సంచులు పట్టుకుని ఎక్కుతారు. అరుగుల మీది వాళ్లు పైకి పేపరు చదువుతున్నట్టు, బియ్యం ఏరుతున్నట్టు ఉంటూనే ఎందరు ఎక్కారో చూసుకుంటారు. పోయిన నెల కంటే ఒకరు తక్కువైతే ఎవరో అడగరు.

ఇంకో పద్ధతి కూడా ఉందక్కడ. పరీక్ష కాగితం మీద వచ్చే క్రియాటినిన్ అంకెను నోటితో పలకరు. పలికితే పెరుగుతుందని భయం. ఎవరైనా అడిగితే వేళ్లు చూపిస్తారు. ఒక వేలు చూపిస్తే ఆ ఇంట్లో ఆ రాత్రి కోడికూర. రెండు చూపిస్తే మాట మార్చేస్తారు. అర ఉంటే సగం వేలు, కణుపు దగ్గర మడిచి. పక్కింటి గౌరమ్మ భర్త ఒకరోజు పంచాయతీ అరుగు మీద నవ్వుతూ రెండు చేతులూ పైకెత్తి ఏడు వేళ్లు చూపించాడు. ఆరు నెలలు తిరగలేదు. తర్వాత ఆమె పెద్దకొడుకు. వీధిలో లెక్కబెడితే ఎనిమిది మంది మగవాళ్లు. ఆడవాళ్లలో ఎక్కడో ఒకరు. అందుకే ఊళ్లో అది మగవాళ్ల జబ్బు. ఎండలో పనిచేసి, దాహాన్ని ఆపుకుని, తోటల్లో తిరిగేవాళ్ల జబ్బు. శిబిరంలో చెయ్యి చాపినప్పుడు గౌరీశ్వరి కళ్లు తన సూది మీద లేవు, పక్క బల్ల మీద భర్త చేతిలోకి దిగుతున్న సూది మీద ఉన్నాయి.

ఆ ఆదివారం కాగితాలకు లోకనాథం ఒక్కడే వెళ్లాడు. తిరిగొచ్చి బండి స్టాండు వేసి, చెంబెడు నీళ్లు తాగి, గొయ్యి గట్టు మీద కూర్చున్నాడు. గౌరీశ్వరి పొన్న మొక్క డబ్బాను నీడలోంచి తెచ్చి అక్కడ పెట్టింది. ఆ రోజే నాటుదామనుకున్నారు.

"కాగితాలు ఇచ్చినారా?"

"ఇచ్చినారు."

"ఏటన్నారు?"

"నీది బాగున్నాదట."

"మరి నీది?"

అతను ఒక మట్టిగడ్డ తీసుకుని నలపసాగాడు. ఆమె అతని చేతి వైపే చూస్తోంది. ఒక వేలో, రెండో లేస్తాయని. పిడికిట్లోంచి మట్టి రాలుతోంది గాని ఒక్క వేలూ విడివడలేదు.

"గౌరీ, పొన్న ఒద్దులే. కనకాంబరాలు ఏద్దాం. గౌరమ్మత్త దొడ్లో నారున్నాది, అడుగుతాను."

"ఇదేటి ఇప్పుడు? గొయ్యి దీనికని తవ్వి?"

"పొన్న ఎప్పటికి పూత్తాది సెప్పు. కనకాంబరాలైతే మూడు నెల్లకి సేతికొత్తాయి. నాలుగేళ్లు ఏడాదంతా పూత్తాయి. నీకిష్టం కదేటి."

"నాకు పూలు పెట్టుకునే ఈడా? తనూజ నవ్వుతాది."

"నవ్వనీ" అన్నాడు. నవ్వలేదు.

గౌరీశ్వరి డబ్బాను తీసుకెళ్లి మళ్లీ నీడలో పెట్టింది. వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది. గిన్నె పెట్టలేదు. ఉత్త మంట వైపు చూస్తూ నిలబడింది. పొన్న పూసేదాకా తనుండడని అతనికి తెలిసిపోయింది. తనున్నన్నాళ్లూ భార్య తల్లో పూలు చూసుకోవాలనుకుంటున్నాడు. తర్వాత ఆ పూలు పెట్టుకునే హక్కు ఆమెకుండదు. ఇంతకంటే అతను నోరు విప్పి చెప్పక్కర్లేదు. అడిగి, ఆ అంకెను అతని వేళ్ల మీదికి తేవడానికి ఆమెకు ధైర్యం లేదు.

అడగలేదు. ఆ రోజూ అడగలేదు, మర్నాడూ అడగలేదు.

అడగకుండా చేయగలిగిందంతా చేసింది. ముందు ఉప్పు. అతని కూర వేరే చిన్న గిన్నెలో ఉప్పు లేకుండా వండి పెట్టింది. లోకనాథం ఒక ముద్ద తిని, తలెత్తి, ఆమె కంచంలోకి చూశాడు.

"నీ కూరేటి ఎర్రగా ఉన్నాది?"

"అది నిన్నటిది. పారబొయ్యలేక తింతన్నాను."

అతను లేచి ఆమె కంచంలోని కూర తీసి కుక్కకు వేసి, తన గిన్నెలోది సగం వంచాడు. "రెండు కూరలు ఎందుకు? ఒకటే వండు, ఇద్దరం అదే తిందాం. ఎండుసేపా, పచ్చడీ కూడా ఇంక ఇంట్లో ఒద్దు."

ఒంటరిగా చప్పిడి తినడం అతనికి చిన్నతనంగా ఉందనుకుంది. మర్నాటి నుంచి ఇద్దరూ ఒకే గిన్నెలోది తిన్నారు. ఇద్దరూ "బాగున్నాది" అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

తర్వాత నీళ్లు. బోరు నీళ్లు పట్టొద్దని లోకనాథమే అన్నాడు. పొద్దున్నే తనే వెళ్లి ప్లాంటు నుంచి క్యాను తెచ్చి గడపలో పెట్టేవాడు. ఆమె ఎత్తబోతే కసిరేవాడు. ఆమె ఫ్యాక్టరీకి తీసుకెళ్లే సీసా కూడా అతనే నింపేవాడు. "సాయంత్రానికి కాళీ అవ్వాల" అనేవాడు. తన దాహం గురించి భయపడుతున్నవాడు అందరి దాహం గురించీ భయపడతాడని ఆమె సర్దిచెప్పుకుంది.

నాలుగో రోజు పోపుల డబ్బాలో నొప్పి బిళ్లల పట్టీ కనిపించలేదు. కొత్తది. రెండే వాడింది. ఇంకెవరు తీస్తారు? అతనికి ఎక్కడో నొప్పి మొదలైంది. చెప్పకుండా మింగుతున్నాడు. ఆ సాయంత్రం కాయలు ఒలిచి వచ్చి అతను నడుం పట్టుకుని అరుగు మీద వాలినప్పుడు ఆమె అతని చొక్కా జేబు తడిమి చూసింది. బీడీల కట్ట, అగ్గిపెట్టె, ఆటో చీటీ. బిళ్లలు లేవు. అన్నీ మింగేశాడన్నమాట.

తనూజ టెక్కలిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. అంతకుముందు ఆదివారాల్లో ఫోను చేసేది. ఇప్పుడు రోజూ చేస్తోంది. "అమ్మా, తిన్నావా? ఏటి తిన్నావు? పనికెల్లావా? రెండ్రోజులు మానీకూడదా?" అని. నాన్న గురించి మాత్రం అడగదు. కూతురికి కూడా తెలుసన్నమాట, అందుకే ఆ పేరు ఎత్తడానికి భయపడుతోందని గౌరీశ్వరి అనుకుంది. "మీ నాన్న బాగున్నాడే" అని తనే చెప్పేది. తనూజ మళ్లీ అమ్మ తిండి గురించే అడిగేది.

గౌరమ్మ కనకాంబరం నారు తెచ్చి ఇచ్చింది. అరటిదొప్పలో పది మొక్కలు, వేళ్లకు తడిమట్టి. డెబ్బై ఏళ్ల మనిషి. గొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి, గట్టు మీద కాళ్లు చాపుకు కూర్చుంది.

"ఇదేటే కోడలా, ఇంత లోతు? కనకాంబరాలకి జానెడు చాలదేటి?"

"పొన్నకని తవ్వినాడత్తా."

"పొన్నా? పొన్న పూసేదాకా ఎవులుంటారే ఈ ఊర్లో?" అని గౌరమ్మ పళ్లులేని నోటితో నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగింది. గౌరీశ్వరి మొహం చూసిందేమో, కొంగుతో మూతి తుడుచుకుంది. "మా ఆయన కూడా ఆకర్లో పనసమొక్క ఏసినాడు. కాయలు నాను తింతన్నాను. సెట్టుకేటి తెల్సు?"

"మీ ఆయన అంకె నీకు ఆయనే సెప్పినాడా అత్తా?"

"ఏళ్లు సూపినాడు కాదేటి, ఊరంతటికీ. ఆడు అంతే, దాపరికం నేదు." ఆమె చూపు వీధిలోకి పోయింది. "పెద్దోడు సూపలేదు. జేబులో సెయ్యి పెట్టుకునే తిరిగినాడు. తీసేసరికి అయిపోనాది." కర్ర పట్టుకుని లేచింది. "అమాస లోపల ఏదోటి ఏసియ్యే తల్లీ. ఇంటి ముందు తవ్విన గొయ్యి అమాస దాటేదాకా కాళీగా ఉంచకూడదు."

అమావాస్య ఇంకా తొమ్మిది రోజులుంది.

గౌరీశ్వరి నారును తడిగోనెలో చుట్టి నీళ్లతొట్టి పక్కన పెట్టింది. నాటలేదు. కనకాంబరాలు నాటితే భర్త చెప్పకుండా చెప్పిన మాటకు తను సరేనన్నట్టే. పొన్న నాటితే, రోజూ దాన్ని చూస్తూ అతను ఏళ్లు లెక్కపెట్టుకుంటాడు. గొయ్యి ఖాళీగా ఉన్నంతకాలం ఏదీ తేలనట్టు. లోకనాథం మాత్రం పొద్దునా సాయంత్రం గోనె మీద నీళ్లు చిలకరించేవాడు. "ఏసీయరాదేటి? సచ్చిపోతాయి" అనేవాడు. ఆ మాటకు ఇద్దరూ మొహాలు పక్కకు తిప్పుకునేవారు.

ఒకనాడు పట్టపగలే చీకటి పడినట్టయి సముద్రం వైపు నుంచి వాన వచ్చింది. తెరిపిచ్చేసరికి గొయ్యి సగం నిండి ఉంది. ఎర్రటి నీళ్లు, పైన కొబ్బరిపీచు తేలుతూ. అందులో ఒక కప్ప ఈదుతూ గోడకు పాకి, ఇసుక జారి మళ్లీ నీళ్లలో పడుతోంది. గౌరీశ్వరి అరుగు మీంచి చూస్తూ ఉండిపోయింది. లోకనాథం గంప అడ్డుపెట్టి దాన్ని బయటకు వేసి, బొక్కెనతో నీళ్లు తోడడం మొదలుపెట్టాడు. ఆమె కూడా ఒక తప్పేలా పట్టుకుని దిగబోతే, "నువ్వొద్దు" అన్నాడు. అంత గట్టిగా అతను ఆమె మీద ఎప్పుడూ అరవలేదు. తర్వాత మెల్లగా, "కాళ్లు సూసుకో, ఎలాగున్నాయో" అన్నాడు.

ఆమె చూసుకుంది. కడియాల దగ్గర కొంచెం ఉబ్బి ఉన్నాయి. పొద్దస్తమానం పీట మీద కాళ్లు మడుచుకు కూర్చుంటే ఉబ్బవా? ఫ్యాక్టరీలో అందరివీ అలాగే ఉంటాయి.

అమావాస్య ముందురోజు అవి ఇంకా బరువెక్కాయి. ఆటో హారను కొడితే రాలేనని చెయ్యి ఊపి పంపేసింది. లోకనాథం అప్పటికే కాయల దింపుకు తోటలోకి పోయాడు. పదకొండు గంటలప్పుడు, ఆమె అరుగు మీద బియ్యం ఏరుతుండగా, బేబి గొడుగు మూసుకుంటూ వచ్చింది.

"ఒదినా, ఇంట్లోనే ఉన్నావేటి? ఫ్యాక్టరీకి ఎల్లిపోయుంటావనుకున్నాను."

"మీ అన్న కోసమా? తోటలో ఉన్నాడు. కూర్సో, మజ్జిగ ఇత్తాను."

"అన్నతో నాకేటి పని? నీకోసమే." బేబి అరుగు మీద కూర్చుని, ఆమె పాదాల వైపు చూసి, బొటనవేలితో చీలమండ మీద నొక్కింది. సొట్ట పడింది. అది పూడడానికి ఎంతసేపు పడుతుందో చూస్తున్నట్టు కదలకుండా చూసింది. "నొప్పి బిళ్లలు మానీసినావు కదా?"

"నానెందుకు మానాల? ఉంటే కదా. అన్నీ మీ అన్నే మింగేసినాడు."

"అన్న మింగడమేటి? నానే తీసి పారీమన్నాను."

గౌరీశ్వరి చేటలో వేళ్లు ఆగాయి.

"నువ్వెందుకన్నావు?"

"ఉప్పు మానిపించమన్నానా, నీళ్లు మార్చమన్నానా, ఇదీ అలాగే. మరి రెండోసారి రక్తం తియ్యాల కదా ఒదినా. శుక్రారం నిన్ను తోలుకొత్తానని అన్న ఒప్పుకున్నాడు. నువ్వు పనికి ఎల్లిపోతావేమోనని మళ్లీ సెప్పడానికి..." బేబి మాట నెమ్మదించింది. గౌరీశ్వరి మొహంలోకి చూసింది. చేతిలోని రిజిస్టరును ఒళ్లోకి లాక్కుంది. "అన్న సెప్పలేదేటి నీకు?"

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. గౌరీశ్వరి చేటను పక్కన పెట్టింది. బియ్యం ఒలకలేదు.

"సూపించు" అంది.

"అన్న ఒచ్చాక..."

"సూపించు బేబీ."

బేబి కుడిచెయ్యి మోకాలి మీంచి లేచింది. మూడు వేళ్లు నిలబడ్డాయి. నాలుగోది, చిటికెనవేలు, సగం లేచి కణుపు దగ్గర మడత పడింది.

గౌరీశ్వరి ఆ వేళ్లను చూసింది. తర్వాత తన చెయ్యి తీసుకుని చూసుకుంది. జీడిపొట్టు గీరి గీరి మొద్దుబారిన వేళ్లు. ఒకటి, రెండు, మూడు, సగం. ఆ వేళ్లతోనే అతని కూర ఉప్పు లేకుండా వండింది. అతని జేబు తడిమింది. అతను కంచంలోకి వంచిన కూర ఎవరి కోసమో, నింపిన సీసా ఎవరి కోసమో, తనూజ ఎవరి తిండి గురించి అడిగిందో, అన్నీ వెనక్కి తిరిగి వచ్చి ఆమె ఎదుట ఒక్కొక్కటే కూర్చున్నాయి. ఆడదాన్నైన తనకూ రావచ్చని ఆమెకు తోచలేదు. ఆ ఊళ్లో ఎవరికీ తోచదు.

"మరి ఆయనది?"

బేబి ఒక్క వేలు చూపించింది.

లోకనాథం మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి పెయింటు డబ్బా గొయ్యి గట్టు మీద ఉంది. గౌరీశ్వరి దాని పక్కనే కూర్చుని ఉంది, కాళ్లు గొయ్యిలోకి వేలాడేసుకుని. అతను బండి దిగలేదు. ఇంజను తిరుగుతూనే ఉంది. ఆమె చెయ్యెత్తి మూడు వేళ్లు చూపించి, నాలుగోది సగం మడిచింది.

అతను బండి ఆపాడు. స్టాండు వేయడం మర్చిపోతే అది గోడకు ఒరిగింది. వచ్చి గొయ్యికి అవతలి గట్టు మీద, ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"బేబి ఒచ్చిందేటి."

"నీది ఒకటేనంట కదా. ఆ మాటేనా సెప్పకూడదా? పద్నాలుగు రోజులు నిన్ను పాడె మీద సూసినాను నాను."

"నాది బాగున్నాదని నీకాడ అనడానికి నోరు రాలేదే."

కొబ్బరాకుల్లో గాలి వచ్చి పోయింది. గోనెలో కనకాంబరం మొక్కల్లో ఒకదానికి, అంత ఇరుకులోనూ, చిన్న వెన్ను వచ్చింది. లోకనాథం దాన్ని చూస్తూ అన్నాడు: "ఇయ్యైతే ఈ ఏడే తల్లో పెట్టుకుంటావని."

"తెల్సింది."

"మందులున్నాయి గౌరీ. విశాఖపట్నం ఎల్దాం. తొందరగా దొరికిందన్నారు. అందరికీ ఒకేలాగ అవ్వదు."

"గౌరమ్మత్త కొడుక్కీ అలాగే అన్నారు."

ఆమె డబ్బాను ఒళ్లోకి తీసుకుంది. పొన్న ఆకులు ఏడున్నాయి. పైన ఎనిమిదోది ముడుచుకుని, ఎర్రగా, ఇంకా విప్పుకోలేదు. డబ్బా అడుగున తుప్పు చిల్లులోంచి తల్లివేరు బయటికి పొడుచుకు వచ్చింది. ఎన్నాళ్ల నుంచి అలా దారి వెతుకుతోందో.

"ఈ లోతు చాలదు" అంది. "ఏరు సూడు, ఎంతున్నాదో. ఇంకా తవ్వు."

"గౌరీ, అది పూసేసరికి ఎనిమిదేళ్లు..."

"నాకు తెల్దేటి? తవ్వు. రేపు అమాస."

లోకనాథం లేచి, చొక్కా విప్పి గోడ మీద వేసి, గునపం, పార తెచ్చుకున్నాడు. గొయ్యిలోకి దిగాడు. అన్నం వడ్డించమని అతను అడగలేదు, ఆమె లేవలేదు. పైమట్టి ఎర్రగా వచ్చింది. దాని కింద తెల్లటి ఇసుక. ఇంకా కింద తాత నాటిన చెట్టు వేళ్లు, నల్లగా కుళ్లి, లాగితే పోగులుగా ఊడి వస్తున్నాయి. సముద్రం వైపు మబ్బు కమ్ముకొస్తోంది.

"ఇవేటి సెయ్యమంటావు?" అని గోనె వైపు చూపిస్తూ అతను ఒకసారి ఆగాడు.

ఆమె గడ్డంతో గొయ్యి వైపు చూపింది, ముందు తవ్వమన్నట్టు. అతను మళ్లీ వంగాడు. గొయ్యి అతని తొడ దాటింది, నడుం దాటింది. లోపలి నుంచి తడి ఇసుక చల్లటి వాసన వేసింది. ఒక మొక్కకు అంత లోతు అక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. అతను ఆగలేదు, ఆమె ఆపమనలేదు. ఒళ్లో డబ్బాను రెండు చేతులా పట్టుకుని, వేరు చివర మీద మట్టి ఆరిపోకుండా తడి అరచెయ్యి అడ్డుపెట్టి, అతను పైకెక్కి వచ్చేదాకా చూస్తూ కూర్చుంది.